సీలు వేసిన రేడియోలో నా గొంతు

దెయ్యాలను నేను నమ్మను. ఇది చదివాక మీరు ఏమనుకున్నా సరే, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. మా నాన్న పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఆదివారం బాప్టిస్టు చర్చిలో పెద్ద. ఒకసారి బాయిలర్ వెనక ఎవరో ఏడుస్తున్నారని కూలీలంతా పని మానేసి బయటకొచ్చేశారు. ఆయన పానా పట్టుకుని వెళ్ళి ఒక వాల్వు బిగించి వచ్చాడు. ఏడుపు ఆగిపోయింది. నేను ఆ ఇంట్లో పుట్టినదాన్ని.

తర్వాత నాకు దొరికిన ఉద్యోగం కూడా శబ్దాలతోనే. విశాఖలో ఒక ప్రైవేటు ఎఫ్ఎంలో కొన్నేళ్ళు అనౌన్సర్‌గా చేశాను. ఆ స్టేషన్ చేతులు మారాక మా వైపు తిరిగి వచ్చి నడుందిబ్బలో కమ్యూనిటీ రేడియోలో చేరాను.

నడుందిబ్బ అంటే ఉద్దానం తీరంలో ఒక బెస్తల ఊరు. ఒకపక్క సముద్రం, మిగతా పక్కలన్నీ ఉప్పుటేరు. పలాస నుంచి ఆటోలో ఏటి గట్టు దాకా వచ్చి, అక్కడి నుంచి పడవ దాటాలి. మ్యాపులో దీవి అని రాయరు గానీ వానాకాలంలో అది దీవే. ఏరు సముద్రంలో కలిసే చోటును అక్కడివాళ్ళు మొగ అంటారు. వేటకు వెళ్ళే పడవలన్నీ ఆ మొగలోంచే పోయి, ఆ మొగలోంచే తిరిగి వస్తాయి.

తుపాను షెల్టర్ పక్కన రెండు గదులు, ఒక ఇనుప స్తంభం, దాని కొసన యాంటెన్నా. అదే మా స్టేషన్. మత్స్యకారుల సంఘం నడిపేది. పాటలు, కిడ్నీ రోగులకు డాక్టర్ల సలహాలు, పిల్లల పాఠాలు, మధ్యాహ్నం సముద్ర సమాచారం.

మా కష్టాలు రెండు రకాలు. ఒకటి గాలిలో, రెండోది కాగితంలో.

గాలిలోది ముందు చెబుతాను. ఊళ్ళ వైపు కొబ్బరి తోటలు, జీడి తోటలు దట్టంగా అడ్డం. ఏరు దాటి కాస్త లోపలికి వెళ్తే మా పాట గరగరలాడేది. సముద్రం వైపు అడ్డేమీ లేదు, పడవల మీద బ్రహ్మాండంగా వినపడేది. కానీ గాలి కదలని ఎండరోజుల్లో ఎక్కడో ఒడిశా తీరంలో ఉన్న పెద్ద స్టేషన్ ఒకటి నీళ్ళ మీదుగా జారుకుంటూ వచ్చి మా మీద కూర్చునేది. అందులో దెయ్యం ఏమీ లేదు. నీటి మీద చల్లగాలి, దానిపైన వేడిగాలి పొరలుగా నిలబడితే సిగ్నల్ వాటి మధ్య ఇరుక్కుని చాలా దూరం పోతుంది. మా ట్రాన్స్‌మిటర్ బాగోగులు చూసే ప్రసాద్ గారు నాకు ఇదంతా విడమరచి చెప్పారు. ఆయన టెక్కలిలో ఒక కాలేజీలో పాఠం చెబుతారు. ఉప్పుగాలికి యాంటెన్నా బోల్టులు తినేసినప్పుడల్లా బైక్ మీద వచ్చి మార్చి వెళ్ళేవారు.

ఇక కాగితం. మాలాంటి చిన్న స్టేషన్లకు షరతులు చాలా ఉంటాయి. స్తంభం ఇంతకంటే ఎత్తు ఉండకూడదు. శక్తి ఇంతకంటే పెంచకూడదు. సొంతంగా వార్తలు చదవకూడదు. ప్రసారమైన ప్రతి మాటా రికార్డు చేసి కొన్ని నెలలు దాచాలి. వీటన్నిటినీ మేము పాటించాం. మధ్యాహ్నం నేను చదివేది వాతావరణ శాఖ ఇచ్చిన సమాచారమే. దానికి ఒక్క వాక్యం కలిపేదాన్ని. మొగలో ఇసుక మేట ఎటు జరిగిందో సంఘం పెద్ద గురయ్య చూసి వచ్చి చెబితే, అది. నడుందిబ్బ వాళ్ళకు రేడియో అంటే ఆ ఒక్క వాక్యమే. మేట ఎక్కడుందో తెలియకుండా మొగలోకి వస్తే పడవ పక్కకు తిరిగి అలకు దొరుకుతుంది.

అనుమతి గడువు తీరింది. పొడిగించమని ముందుగానే అర్జీ పెట్టాం. స్తంభం ఉన్న స్థలానికి రెవెన్యూ నుంచి ధ్రువపత్రం కావాలన్నారు. అక్కడ చిక్కుపడింది. మా దిబ్బను సముద్రం ఏటా కొంచెం తింటూ, ఇంకోపక్క కొంచెం పోస్తూ ఉంటుంది. పాత సర్వేలో మా స్థలం ఉన్న నంబరు ఇప్పటి కొలతల ప్రకారం నీళ్ళలో పడింది. అంటే రికార్డుల్లో మా స్తంభం సముద్రంలో నిలబడి ఉంది. నవ్వుకున్నాం మొదట. తర్వాత నవ్వు రాలేదు.

పొడిగింపు వచ్చేదాకా ప్రసారం ఆపాలని ఉత్తర్వు వచ్చింది. విశాఖ నుంచి ఒక అధికారి వచ్చారు. నెమ్మదైన మనిషి. ట్రాన్స్‌మిటర్ ఆపించి, యాంటెన్నాకు వెళ్ళే కేబుల్ ఊడదీయించి, పెట్టె మీద కాగితం అతికించి లక్క సీలు వేశారు. గది తలుపుకు ఇంకో సీలు.

గురయ్య గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. అరవై దాటిన మనిషి, నేను మావయ్యా అని పిలుస్తాను.

"మరి మొగ సంగతి మాకెవలు సెప్తారమ్మా? ఆ కాయితం సెప్తాదేటి?" అన్నాడు.

అధికారికి వినపడింది. ఆయన తల వంచుకుని సంతకం పెట్టి వెళ్ళిపోయారు.

అప్పటి నుంచి నాకు ఒకచోట కాలు నిలవలేదు. పలాసలో ఇంట్లో ఉంటే దిబ్బకు పోవాలనిపించేది. దిబ్బకు పోతే సీలు వేసిన తలుపు చూడలేక తిరిగి వచ్చేసేదాన్ని. మధ్యాహ్నం అయ్యేసరికి గొంతు సవరించుకునేదాన్ని. రోజూ మైకు ముందు చదివే అలవాటు అది. వంటింట్లో గిన్నెలు కడుగుతూ గొంతు సవరించుకుని, ఎందుకు సవరించుకున్నానో గుర్తొచ్చి ఊరుకునేదాన్ని. ఆ ధ్రువపత్రం కోసం టెక్కలి రెవెన్యూ ఆఫీసుకు ఎన్నిసార్లు వెళ్ళానో. సర్వేయరు వస్తాడు అనేవారు. సర్వేయరు సెలవులో ఉండేవాడు, లేకపోతే వేరే ఊళ్ళో ఉండేవాడు.

దిబ్బవాళ్ళు మాత్రం వేట మానలేదు. మానితే తిండి లేదు. ఫోన్ సిగ్నల్ దిబ్బ మీదే అంతంతమాత్రం. సముద్రంలోకి కాస్త పోతే అదీ ఉండదు. రేడియో లేని రోజుల్లో మొగ దగ్గరకు వచ్చి, దూరంగా ఆగి, అల ఎక్కడ విరుగుతోందో కళ్ళతో చూసుకుని లోపలికి వచ్చేవారు.

వినాయక చవితి వెళ్ళిన తర్వాతి రోజుల్లో ఒకనాడు నేను మళ్ళీ టెక్కలి వెళ్ళాను. ఎండ మండిపోతోంది. గాలి లేదు. సముద్రం మీద హెచ్చరిక ఏదీ లేదని పొద్దున్నే ఫోన్‌లో చూసుకున్నాను కూడా. చేతిలో పని లేకపోయినా అది చూడటం మానలేదు.

ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. గుమాస్తాతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటాను, అంతే. భోజనాల వేళ అందరూ లేచి వెళ్ళిపోయారు. నేను అక్కడే గోడకు ఆనుకున్నాను. కాసేపు కునుకు పట్టింది. కల ఏదీ రాలేదు. వచ్చి ఉంటే ఈ సంగతి చెప్పడం నాకు తేలికయ్యేది. బంట్రోతు వచ్చి "అమ్మా, ఇయ్యాల సారు రారు, ఎల్లిపోండి" అని లేపాడు. సరే అందామనుకున్నాను. మాట పెగల్లేదు. తల ఊపి లేచాను.

పలాస బస్సులో కండక్టరు ఎక్కడికని అడిగాడు. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. పక్కనున్న ఆవిడ నా పెదాలు చూసి "పలాస అంటన్నాది బాబూ" అని చెప్పింది. గొంతు మంటగా ఉంది. తిరునాళ్ళలో రోజంతా అరిచినవాళ్ళకు ఎలా ఉంటుందో అలా ఉంది. ఎండ దెబ్బ అనుకున్నాను. ఆఫీసుల్లో దుమ్ము అనుకున్నాను.

పలాసలో దిగేసరికి ఫోన్‌లో దిబ్బ నుంచి చాలా కాల్స్ వచ్చి ఉన్నాయి. తిరిగి చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఇంటికి వెళ్ళకుండా ఆటో ఎక్కాను.

ఏటి గట్టు మీద జనం ఉన్నారు. ఆడవాళ్ళ ఏడుపు పడవ ఎక్కకముందే వినిపించింది. ఏరు దాటాక తెలిసింది, దిబ్బలో బెస్త తవిటయ్య పడవ మొగలో తిరగబడింది. అతనితో వెళ్ళిన తమ్ముడు ఈదుకుని ఒడ్డున పడ్డాడు. తవిటయ్య కనిపించలేదు. అప్పటికే తాళ్ళు పట్టుకుని మనుషులు నీళ్ళలో దిగి వెతుకుతున్నారు. అతని భార్య నీలమ్మ ఇసుకలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు. సముద్రాన్నే చూస్తోంది.

ఉన్నట్టుండి పెద్ద అలలు లేచాయట. గాలి లేకుండా లేచాయట. ఎక్కడో దూరాన సముద్రం పొంగితే ఇక్కడికి అలా వస్తుందని తర్వాత ప్రసాద్ గారు చెప్పారు. పొద్దున వెళ్ళేటప్పుడు తెరిచి ఉన్న మొగకు అడ్డంగా ఆ అలలు కాసేపట్లోనే ఇసుక పోసేశాయి. పైకి కనిపించదు. నీళ్ళ కింద ఉంటుంది.

మిగతా పడవలు? అని సైగ చేశాను. గొంతు లేదు కదా.

అప్పుడు గురయ్య జనంలోంచి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అతను కూడా ఆ రోజు వేటకు వెళ్ళినవాడే. ఒళ్ళంతా ఉప్పు కట్టి ఉంది.

"నీ రునం తీర్సుకోలేనిది తల్లీ. నువ్వు సెప్పకపోతే అందరం మొగలోకే ఎల్లిపోదుం" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఏం చెప్పాను? అని గుసగుసగా అడిగాను.

అతను నా ముఖంలోకి చూశాడు. నేను అడిగింది వేళాకోళం కాదని తెలిశాక పక్కకు తీసుకెళ్ళి చెప్పాడు. అప్పుడు అతను చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"ఒడియా పాటలొస్తన్నాయి. మన టేసను కాడే ముల్లు ఉంచీసినాం, అక్కడికే వస్తన్నాయి. పాట మజ్జిలో ఆగిపోనాది. నువ్వు గొంతు సవరించుకున్నావు, రోజూ సేసినట్టే. మొగ కాడికి రాకండర్రా, మేట పడిపోనాది, ఐసు పేట్రీ ఒడ్డుకి రండి అన్నావు. పడవ పడవనీ పేరెట్టి పిలిసినావు. మల్లీ పాటొచ్చీసినాది."

ఐసు ఫ్యాక్టరీ అంటే దిబ్బకు దక్షిణం కొసన ఎప్పుడో మూతపడ్డ కట్టడం. ఆ ఒడ్డుకు ఎవరూ పడవలు తేరు. అల గట్టిగా కొడుతుంది, పడవ అడుగు దెబ్బతింటుంది. అయినా పడవలన్నీ అటే వెళ్ళాయి. ఇసుకలోకి దూసుకొచ్చాయి. రెండు పడవలకు అడుగు పగిలింది. మనుషులందరూ దిగారు.

"ఒకటమ్మా," అన్నాడు గురయ్య. "రోజూ పుస్తకం సదివినట్టు మాట్లాడతావు. ఇయ్యాల ఇంట్లో ఆడకూతురు మాట్లాడినట్టు మాట్లాడినావు."

తవిటయ్య రేడియో పట్టుకెళ్ళలేదు. మూసేసిన రేడియో మోత దేనికని గూట్లో పెట్టి వెళ్ళాడు. మిగతావాళ్ళు ఒడియా పాటల కోసం తీసుకెళ్ళారు.

తెల్లవారి అతని శవం ఏటి ఇవతలి ఒడ్డుకు కొట్టుకొచ్చింది.

నాకు గొంతు తిరిగి రావడానికి కొన్ని రోజులు పట్టింది. పలాసలో డాక్టరు చూసి, స్వరపేటిక వాచిందన్నాడు. బాగా అరిచారా అని అడిగాడు. లేదన్నాను.

ప్రసాద్ గారు వచ్చారు. ఇద్దరం స్టేషన్‌కి వెళ్ళాం. తలుపు సీలు చెక్కుచెదరలేదు. కిటికీ ఊచల్లోంచి చూస్తే పెట్టె మీద కాగితం, లక్క అలాగే ఉన్నాయి. ఊడదీసిన కేబుల్ కొస గోడకు వేలాడుతోంది. దానికి పచ్చగా చిలుము పట్టింది. ఇంకెవరైనా చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టి ఆకతాయితనం చేశారేమోనని ఆయన దిబ్బంతా వాకబు చేశారు. అలాంటిది చేయగలవాళ్ళు మా ఇద్దరం తప్ప అక్కడ ఎవరూ లేరు. నా పాత రికార్డుల్లోంచి ముక్కలు ఎవరైనా వేశారా అంటే, నేను మైకులో ఎన్నడూ రాకండర్రా అని మాట్లాడలేదు. విశాఖలో మొదటి నెలలోనే ఆ యాస నా నోట్లోంచి తీసేయించారు. ప్రసాద్ గారు ఒడిశా స్టేషన్‌లో తెలిసినవాళ్ళ ద్వారా కనుక్కున్నారు. ఆ మధ్యాహ్నం వాళ్ళ పాటలు ఎక్కడా ఆగలేదు.

"మీరు ఆ వేళకు టెక్కలిలోనే ఉన్నారా కరుణ గారూ?" అని అడిగారు ఆయన.

ఉన్నానన్నాను. ఇంకేమీ అడగలేదు. కానీ మర్నాడు ఆ ఆఫీసుకు వెళ్ళి బంట్రోతును కలిశారని నాకు తర్వాత తెలిసింది. కోపం రాలేదు. ఆయన స్థానంలో నేనున్నా వెళ్ళేదాన్ని.

నేను పడవల వాళ్ళను విడివిడిగా అడిగాను. ఒకరు చెప్పింది ఇంకొకరికి చెప్పకుండా అడిగాను. మాటలు అవే. పాట ఆగడం, గొంతు సవరించుకోవడం, మొగ, మేట, ఐసు ఫ్యాక్టరీ. నూకరాజు అనే అతను నేను గొంతు సవరించుకునే తీరును నా ఎదుటే చేసి చూపించాడు. సరిగ్గా అలాగే చేస్తానని నాకు అప్పటిదాకా తెలియదు.

ఒక్క చోట మాత్రం వాళ్ళ మాట కలవలేదు. తవిటయ్య పేరు పిలవలేదంటాడు గురయ్య. పిలిచావనీ, అందరికంటే ముందు పిలిచావనీ అంటాడు నూకరాజు. మిగతావాళ్ళు గుర్తు లేదన్నారు.

ఈ సంగతి ఏరు దాటింది. మందస సంతలో చెప్పుకున్నారు, టెక్కలిలో చెప్పుకున్నారు. రేడియో అక్క దొంగచాటుగా ప్రసారం చేసి పడవలను కాపాడిందని పొగిడారు. పొగడ్తే మా మెడకు చుట్టుకుంది. సీలు వేసిన స్టేషన్ నుంచి ప్రసారం జరిగిందని ఎవరో పైకి ఫిర్యాదు పంపారు. అది రుజువైతే పొడిగింపు మాట అటుంచి, కేసు పెడతారు. స్టేషన్ శాశ్వతంగా పోతుంది.

విచారణకు అదే అధికారి వస్తున్నారని కబురొచ్చింది. ముందురోజు సాయంత్రం గురయ్య ఏరు దాటి పలాసలో మా ఇంటికి వచ్చాడు. అతను మా ఇంటికి రావడం అదే మొదలు. టీ ఇస్తే తాగలేదు.

"మేమేటీ ఇనలేదని సెప్పీమంటావేటమ్మా? సెప్పీమంటే సెప్పీస్తాం. అందరం ఒక్క మాట మీద ఉంటాం" అన్నాడు.

వినలేదని వాళ్ళు చెబితే స్టేషన్ నిలబడుతుంది. నాకు కావలసింది అదే. పైగా నా లెక్క ప్రకారం అదే నిజం కావాలి కూడా. నేను ఏమీ చెప్పలేదు, యంత్రం పనిచేయలేదు, కాబట్టి వాళ్ళు ఏమీ విని ఉండరు. అలాగైతే ఆ ఒడ్డుకు ఎందుకొచ్చారు? పడవల అడుగులు ఎందుకు పగలగొట్టుకున్నారు? తలపోస్తూ అటూ ఇటూ తిరిగాను. అతను ఓపిగ్గా కూర్చున్నాడు.

"నీకు ఏం తోస్తే అది చెప్పు మావయ్యా" అన్నాను చివరికి. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ఏం చెబుతాడో నాకు తెలియలేదు.

తుపాను షెల్టర్‌లో విచారణ జరిగింది. అధికారి ముందు సీళ్ళు చూశారు. తన వెంట తెచ్చిన పరికరంతో కేబుల్ పరీక్షించారు. కరెంటు మీటరు చూశారు. ఆ తర్వాత కుర్చీలో కూర్చుని, గురయ్యను ముందుకు పిలిచారు. రేడియోలో ఈమె గొంతు విన్నారా అని అడిగారు. ఊరంతా ఉంది. నేను గోడ పక్కన నిలబడి ఉన్నాను.

"ఇన్నాం బాబూ" అన్నాడు గురయ్య.

అధికారి కలం తెరిచారు.

"ఈ పెట్టిలోంచి వొచ్చినాదో, మరెక్కడి నుంచి వొచ్చినాదో మాకు తెల్దు. పేనాలతో ఒడ్డున పడ్డాం. ఇనలేదని అబద్దమాడితే రేపు నీళ్ళ మీద ఒకడి మాట ఒకడు నమ్మడు. నువ్వు సీలు ఏసినావు. ఆ సీలు తీసినోలు ఎవలూ లేరు. అదీ నిజవే, ఇదీ నిజవే. రెండూ రాసుకో."

అధికారి రాసుకున్నారు. నూకరాజును అడిగారు. ఇంకొకరిని అడిగారు. ఏ మాటలు విన్నారో చెప్పించుకున్నారు. మొగ అన్న మాటకు అర్థం అడిగి తెలుసుకున్నారు. తర్వాత నన్ను బయటకు పిలిచారు.

"సీలు నేను వేసినట్టే ఉంది మేడమ్. ఇక్కడి నుంచి ప్రసారం జరిగే అవకాశం లేదు. నేను అదే రాస్తాను" అన్నారు. "దూరపు స్టేషన్ సిగ్నల్ ఏదో వచ్చి ఉంటుంది. ఇలాంటి తీరాల్లో మామూలే."

దూరపు స్టేషన్‌కి మా ఐసు ఫ్యాక్టరీ ఎలా తెలుసండీ, అని అడిగాను. నా మంచికోసం మాట్లాడుతున్న మనిషిని అలా అడగకూడదు. నోరు ఆగలేదు.

ఆయన ఏటి వైపు చూశారు. "నేను చూసింది రాయగలను. వాళ్ళు విన్నదానికి నా దగ్గర పరికరం లేదు" అన్నారు. పడవ ఎక్కేముందు ఆగి, "సర్వే సంగతి నేనూ ఒక మాట చెబుతాను" అని వెళ్ళారు.

చెప్పారో లేదో తెలియదు గానీ సర్వేయరు వచ్చాడు. గొలుసు లాగి కొలిచాడు. మా స్తంభం నేల మీదే ఉందని తేలింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు పొడిగింపు వచ్చింది. సీలు తీశారు.

మొదటి రోజు మైకు ముందు కూర్చున్నాను. ప్రసాద్ గారు అద్దం అవతల నుంచి వేలు చూపించారు. నేను వెంటనే మొదలుపెట్టలేకపోయాను. నేను నోరు తెరవకముందే నా గొంతు బయట ఎక్కడో మాట్లాడేస్తుందేమోనని చెవి ఒగ్గి కూర్చున్నాను. అది పిచ్చి అని తెలుసు. ఇప్పటికీ ప్రసారానికి ముందు ఒక క్షణం అలా ఆగుతాను. వినేవాళ్ళు సాంకేతిక లోపం అనుకుంటారు.

నీలమ్మ వచ్చింది ఆ వారంలోనే. మధ్యాహ్నం సముద్ర సమాచారం చదివి బయటకొస్తే మెట్ల మీద కూర్చుని ఉంది. భర్త పోయాక ఆమె చేపలు ఎండబెట్టే పనికి వెళ్తోంది. చేతులకు ఆ వాసన ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. నేనూ మెట్టు మీద కూర్చున్నాను.

కాసేపు తన మరిది గురించి మాట్లాడింది. అతను సముద్రంలోకి వెళ్ళనంటున్నాడని, చెన్నై పోతానంటున్నాడని చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది.

"అమ్మా, ఒకటడుగుతాను. నిజం సెప్పు. ఆ దినం మా ఇంటాయన పేరు పిలిసినావా?"

ఆ రోజు రేడియోలో నేను ఏమీ మాట్లాడలేదని విచారణలో సంతకం పెట్టాను. ప్రసాద్ గారికి, డాక్టరుకు, మా నాన్నకు, అడిగిన ప్రతి ఒక్కరికీ అదే చెప్పాను. ఆ మధ్యాహ్నం నేను టెక్కలిలో బెంచీ మీద ఉన్నాను. నేను ఎవరినీ పిలవలేదు.

"పిలిచాను నీలమ్మా," అన్నాను. "ముందు ఆయన్నే పిలిచాను."

ఆమె పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ రోజు ఇసుకలో కూర్చుని ఏడవని మనిషి అప్పుడు ఏడ్చింది. కాసేపటికి ముఖం తుడుచుకుని, "ఇనుంటే వొచ్చీసీవోడే" అంది. లేచి వెళ్ళిపోయింది.

ఎవరు మాట్లాడారో, ఎక్కడి నుంచి మాట్లాడారో, నా గొంతు నాకు తెలియకుండా ఎలా వెళ్ళిందో నేను చెప్పలేను. చెప్పగలిగినవాళ్ళు నాకు ఇంతవరకు కనిపించలేదు. ఆ మెట్టు మీద కూర్చుని నీలమ్మతో నేను అబద్ధం చెప్పానో, నిజమే చెప్పానో, అది కూడా నాకు తెలియదు.